ఆరు వారాల గడువు పెడితే ఎవరికి మేలు?

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెప్పే టీచరు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. సొంతూరు హిందూపురం వైపు, పెళ్ళయ్యాక బెంగళూరులో స్థిరపడ్డారు. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక్కతే కూతురు, అదే స్కూల్లో పదో తరగతి, సీబీఎస్‌ఈ సిలబస్.

వాళ్ళ చుట్టుపక్కల స్కూళ్ళు కొన్ని కలిసి ఏటా సంక్రాంతి వెళ్ళిన వారంలో రోబోటిక్స్ పోటీ పెట్టుకుంటాయి. నల్లగీత వెంట నడుస్తూ, రంగుల దిమ్మలు ఏరి, వాటి గడుల్లో పెట్టే రోబోలు. రూల్స్ రాసే కమిటీలో ఈ టీచరు కూడా ఉన్నారు. ఇదివరకు టాస్క్ ఏమిటో జులైలోనే చెప్పేసేవారట. ఈసారి డిసెంబరు మొదట్లో చెప్పి, ఆరు వారాలే టైమివ్వాలని ఒక ప్రతిపాదన వచ్చింది. ఆ గొడవ తేలక టాస్క్ ఇంకా బయటపెట్టలేదు. ఈ నెలాఖర్లో కమిటీ కూర్చుని తేల్చాలి.

ఈ ప్రతిపాదన రావడానికి కారణం నిరుడు జరిగిన సంగతి. ఒక జట్టు చాలా చక్కటి రోబోతో వచ్చింది. జడ్జీలు ఆ రోబో చేతికి గేర్ రేషియో (గేర్ల పళ్ళ నిష్పత్తి) ఎంత పెట్టారని అడిగితే, పిల్లలు జవాబు చెప్పకుండా గోడ పక్కన నిలబడ్డ కోచింగ్ సార్ మొహం చూశారు. అయినా కప్పు వాళ్ళకే వచ్చింది. టైం తక్కువిస్తే ఇలా బయట చేయించుకోవడం కుదరదని కమిటీలో ఎక్కువమంది అభిప్రాయం.

ఒక ప్రభుత్వ హైస్కూలు సారు మాత్రం ఈ టీచరుకి ఫోన్ చేశారు. వాళ్ళ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్, అంటే పిల్లలు సొంతంగా వస్తువులు చేసి నేర్చుకోవడానికి కేంద్రప్రభుత్వ పథకం కింద పెట్టిన ల్యాబ్ ఉంది కానీ శనివారం రెండు గంటలే తెరుస్తారు. "మేడం, ఆరు వారాలంటే మాకు ఆరు శనివారాలు. దానికన్నా రావద్దని చెప్పేయండి" అన్నారట.

ఇక ఇంటి సంగతి. అమ్మాయి స్కూలు జట్టుకి కెప్టెన్. టాస్క్ రాకముందే నాలుగు చక్రాల బేస్ చేసి పెట్టుకుంది. రాత్రి ఒంటిగంట దాకా హాల్లోనే ఉంటుంది. అన్నం కలుపుతూ కలుపుతూ కంచం ముందే కునికిపాట్లు పడుతుంది. మొన్న సోల్డరింగ్ చేస్తూ బొటనవేలు కాల్చుకుంది. సంగీతం క్లాసు మానేసింది. నాన్న "నేర్చుకునే వయసు, చెయ్యనీ" అంటారు. నానమ్మ "ఆడపిల్లకి ఈ జాగారాలేమిటి" అంటుంది. తల్లి ఆరు వారాల రూలు వైపే మొగ్గారు. సంగతి తెలిసిన కూతురు ఒకే మాట అంది: "నన్ను ఆపలేక పోటీకే తాళం వేస్తున్నావమ్మా." ఆ మాట దగ్గర నుంచి తల్లికి నిద్ర లేదు. "అది అన్నదాంట్లో నిజం ఉందని నాకు తెలుసు. కమిటీలో ఏం చెప్పాలి, ఇంట్లో ఏం చెప్పాలి?" అని అడుగుతున్నారు.

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో మూడు బాధలు ఒకదానికొకటి పెనవేసుకున్నాయి. డబ్బున్నవాళ్ళు పెద్దవాళ్ళ చేత రోబో చేయించుకొస్తున్నారన్నది ఒకటి. ప్రభుత్వ బడి పిల్లలకి ల్యాబ్ తలుపు తెరుచుకోవడం లేదన్నది రెండోది. మీ అమ్మాయి నిద్రపోవడం లేదన్నది మూడోది. ఈ మూడింటికీ ఆరు వారాల గడువు అనే ఒకే మందు వేద్దామంటోంది కమిటీ. నా అభిప్రాయం ముందే చెప్తాను. మొదటి జబ్బుకి ఆ మందు పనిచెయ్యదు. రెండోదాన్ని ముదరబెడుతుంది. మూడోదానికి పనిచేస్తుందని మీకు ఆశ ఉంది కానీ, పదో తరగతి క్యాలెండరు చూస్తే అదీ అనుమానమే. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను. నచ్చకపోతే తోసెయ్యండి, నిర్ణయం మీది.

ఆరు వారాల ఆలోచన మీ కమిటీకి కొత్తగా తోచింది కాదు. అమెరికాలో డీన్ కేమెన్ 1989లో మొదలుపెట్టిన ఫస్ట్ అనే సంస్థ హైస్కూలు పిల్లలకి 1992 నుంచి రోబోటిక్స్ కాంపిటీషన్ నడుపుతోంది. అందులో ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి ఉండేది. జనవరి మొదట్లో ఆ ఏటి ఆట ఏమిటో చెప్తారు. సుమారు ఆరు వారాలు పోయాక ఒక అర్ధరాత్రికల్లా అన్ని జట్లూ రోబో మీద చెయ్యి తీసెయ్యాలి. మొదట్లో రోబోని పెట్టెలో పెట్టి పోటీ ఊరికి పంపేసేవారు. తర్వాతి ఏళ్ళలో పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి, నంబరున్న ట్యాగు వేసి, తమ దగ్గరే ఉంచుకోనిచ్చారు. ఆ ట్యాగు నంబరు, వేసిన తేదీ, గంట ఒక ఫారంలో రాసి పెద్దవాళ్ళొకరు సంతకం పెట్టాలి. మధ్యలో సంచి విప్పితే ఎందుకు విప్పారో కూడా ఆ ఫారంలోనే రాయాలి.

అంత కట్టుదిట్టం చేసినా పని ఆగలేదు. స్తోమత ఉన్న జట్లు ఒకే రకంవి రెండు రోబోలు చేసుకున్నాయి. ఒకటి సంచిలోకి వెళ్ళింది, రెండోది వర్క్‌షాపులో ఉండిపోయింది. గడువు దాటాక ఆ రెండోదాని మీద వారాల తరబడి డ్రైవింగ్ ప్రాక్టీసు చేశారు, ప్రోగ్రాం సరిచేసుకున్నారు, కొత్త భాగాలు బిగించి చూశారు. విడిగా చేసిన భాగాలు కొంత బరువు వరకు పోటీకి తెచ్చుకోవచ్చని రూలు ఉండేది. 2019లో ఆ పరిమితి 30 పౌండ్లు, అంటే సుమారు పదమూడున్నర కిలోలు. ఇంట్లో బాగుచేసిన చేతిని పట్టుకొచ్చి, అక్కడ సంచి విప్పి, పాతది ఊడదీసి కొత్తది బిగించేవారు. రెండో రోబోకి డబ్బు లేని జట్టుకి మాత్రం సంచి మూతి కట్టిన రాత్రితో పని నిజంగానే ఆగిపోయేది. 2020 సీజన్ నుంచి నిర్వాహకులే ఆ ఆఖరి రోజుని, సంచిని రెండింటినీ తీసేశారు.

అలాగని గడువులో మంచే లేదని అనను. ఆరు వారాలు గడిస్తే మళ్ళీ ఇంటిమనుషులం అవుతాం అని ఊపిరి పీల్చుకున్న మెంటర్లు, తల్లిదండ్రులు అక్కడ చాలామంది ఉండేవారు. గడువు తీసేస్తే ఈ అలసట సీజనంతా సాగుతుందని వాదించినవాళ్ళూ ఉన్నారు. ఆ వాదనని నేను తేలిగ్గా తీసెయ్యను. ఆఖరి తేదీ అంటూ ఉంటేనే పిల్లలు 'ఇది చాల్లే' అనడం నేర్చుకుంటారు. నిర్ణయం తీసుకోవడం ఇంజనీరింగ్‌లో సగం పని. అయితే అక్కడ గడువు పని గంటలని తగ్గించలేదు, గంటలు ఎవరి చేతిలో ఉండాలో మార్చింది. మీ కమిటీ గమనించాల్సింది ఇదే.

ఇప్పుడు మీ పోటీ లెక్క వేద్దాం. మీ స్కూలు ల్యాబ్ సాయంత్రాలు రెండేసి గంటలు తెరిచి ఉంటుందని రాశారు. వారానికి ఐదు రోజులు, పది గంటలు. శని, ఆదివారాలు మీ హాల్లో ఆరేసి గంటలు వేసుకుంటే ఇంకో పన్నెండు. వారానికి ఇరవై రెండు, ఆరు వారాలకి నూట ముప్పై రెండు గంటలు. రాత్రి జాగారాలు ఇందులో కలపలేదు. ఆ ప్రభుత్వ హైస్కూలు పిల్లలకి ఆరు శనివారాలు, మొత్తం పన్నెండు గంటలు.

జులైలో టాస్క్ ఇచ్చినా ఆ పదకొండు రెట్ల తేడా అలాగే ఉంటుంది కదా అని కమిటీలో ఎవరైనా అంటారు. ఉంటుంది. కానీ పన్నెండు గంటల్లో ఏమవుతుందో మీకు తెలుసు. చాసిస్ (రోబో చట్రం) బిగించడం, మోటర్లని నడిపే మోటర్ డ్రైవర్ బోర్డుకి వైరింగు, ఐఆర్ సెన్సర్లు గీతని చూస్తున్నాయో లేదో చూసుకోవడం, దిమ్మ పట్టే చేతికి సర్వో అనే చిన్న మోటరు పెట్టడం. అక్కడికి టైం అయిపోతుంది. బండి నడుస్తుంది, అంతే. అది ఎందుకు ఎడమకి లాగుతోందో కనుక్కునే తీరిక ఉండదు. ఫుల్ ఛార్జి ఉన్న బ్యాటరీతో సరిగ్గా తిరిగిన మలుపు, వోల్టేజి కాస్త దిగగానే ఎందుకు తప్పుతోందో చూసుకునే తీరిక ఉండదు. పోటీ హాల్లో కిటికీలోంచి ఎండ పడితే సెన్సర్ రీడింగులు మారిపోతాయనీ, అక్కడికి వెళ్ళాక ఆ వెలుతురుకి తగ్గట్టు మళ్ళీ సరిచేసుకోవాలనీ తెలిసేదెప్పుడు? నేర్చుకోవడం అసలు మొదలయ్యేదే ఆ తప్పుల దగ్గర. ఇరవై శనివారాలు ఇస్తే ఆ పిల్లలకి నలభై గంటలు దొరుకుతాయి. నలభై గంటల్లో మామూలు రోబో ఒకటి నిలకడగా పనిచేసే దశకి వస్తుంది. మీ జట్టుకి అన్ని వారాలూ ఇస్తే వందల గంటలు వస్తాయి, నిజమే. కానీ నూట ముప్పై దాటాక కలిపే ప్రతి గంటకీ రోబోలో వచ్చే మార్పు తగ్గిపోతూ ఉంటుంది. అంచేత ఎక్కువ వారాలు ఇవ్వడం వల్ల ఎక్కువ లాభం తక్కువ గంటలున్నవాళ్ళకే. ఆ సారు ఫోన్లో ఒక్క వాక్యంలో చెప్పింది ఇదే.

అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఇలాంటి ల్యాబ్ కోసం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇచ్చారు. అలాంటి చాలా బడుల్లో త్రీడీ ప్రింటరూ, ఆర్డుయినో బోర్డులూ కొదవ ఉండవు. కొదవంతా తలుపు తెరిచి కూర్చునే మనిషికే. ఎన్నికల డ్యూటీలు, సర్వేలు, ట్రైనింగులు అన్నీ ఆ సార్ల మీదే పడతాయి. కాబట్టి వాళ్ళకి మీరు చెయ్యగలిగిన సాయం సామాన్లలో లేదు, గంటల్లో ఉంది. ఆ మాటకి చివర్లో వస్తాను.

ఇక కోచింగ్ సార్ సంగతి. ఆరు వారాలు పెడితే బయట చేయించుకోవడం కుదరదని ఎవరన్నారో కానీ, జరిగేది తలకిందులు. టైం తక్కువైతే చేతిలో పనితనం ఉన్న పెద్దవాడికి గిరాకీ పెరుగుతుంది. పిల్లలు తడుముకుంటూ నెల రోజులు చేసేదాన్ని ఆయన మూడు రోజుల్లో చేసిస్తాడు. ఎస్పీ రోడ్డుకి ఒకసారి వెళ్ళొస్తే మోటర్లు, చక్రాలు, బ్యాటరీలు అన్నీ ఒక్క పూటలో దొరికే ఊరు మనది. డబ్బుంటే ఆరు వారాలు చాలా ఎక్కువ టైం. పైగా టాస్క్ తెలియకపోయినా బేస్ ముందే చేసి పెట్టుకోవచ్చు. మీ అమ్మాయి చేసింది కూడా అదే, తప్పని అనడం లేదు, అడ్డుకునే రూలేదీ మీకు లేదు. ఫస్ట్ వాళ్ళు ఆట ప్రకటించక ముందు చేసిన భాగాలు వాడకూడదని రూలు రాసుకున్నారు. మీరూ రాయొచ్చు, కానీ ఏడెనిమిది స్కూళ్ళ పోటీలో దాన్ని పట్టుకునేదెవరు?

పెద్దవాళ్ళ చేతుల్ని ఆపాలంటే పోటీ రోజునే ఆపాలి. వరల్డ్ రోబో ఒలింపియాడ్ 2004 నుంచి నడుస్తోంది. అందులో చాలా ఏళ్ళు పిల్లలు రోబోని విడి భాగాలుగా తెచ్చి, హాల్లోనే, కోచ్ బయట ఉండగా, బిగించుకునేవారు. ఆ పొద్దున అప్పటిదాకా ఎవరికీ తెలియని ఒక కొత్త నియమం ప్రకటిస్తారు. దానికి తగ్గట్టు రోబోనో ప్రోగ్రామునో అక్కడికక్కడే మార్చుకోవాలి. మీ పోటీకి నేను గట్టిగా సూచించేది ఈ దారి. రోబో మొత్తం విప్పించనక్కర్లేదు. పొద్దున టీచర్లని, తల్లిదండ్రులని, కోచ్‌లని బయటికి పంపించి, ప్రతి జట్టునీ ఒక చక్రమూ, ఒక సెన్సరూ ఊడదీసి మళ్ళీ బిగించి నడపమనండి. తర్వాత ఒక చిన్న మార్పు ఇవ్వండి. నీలం దిమ్మల్ని ఎర్రగడిలో పెట్టమనండి, లేదా గీత మధ్యలో ఒకచోట టేపు వేసి తెంపెయ్యండి. సొంతంగా చేసుకున్న పిల్లలకి అది ఇష్టమైన పనే. చేయించుకున్న పిల్లలు అక్కడే ఆగిపోతారు. మార్కుల్లో మూడోవంతు దీనికి పెడితే, వచ్చే ఏడు కోచింగ్ సెంటర్లు కూడా రోబో చేసివ్వడం మానేసి పిల్లలకి నేర్పడం మొదలుపెడతాయి.

దీనికీ చిక్కులు ఉన్నాయి. పోటీ ఒక పూట పొడుగవుతుంది. మాటల్లో చురుకు, ఇంగ్లిషు ధైర్యం ఉన్నవాళ్ళకి జడ్జీల దగ్గర అనుకూలం అవుతుంది. అందుకని జవాబు నోటితో కాకుండా చేత్తో చూపించమనాలి. కన్నడంలో చెప్పినా తెలుగులో చెప్పినా సరేననాలి. కంగారుపడే పిల్లలకి ఆ పొద్దున కష్టంగా ఉంటుంది. చేతులు వణికి స్క్రూ జారిపోయే పిల్లలు ప్రతి జట్టులోనూ ఒకరుంటారు. టైం కాస్త ధారాళంగా ఇవ్వండి, ఎవరు త్వరగా బిగించారన్నదానికి మార్కులు వెయ్యకండి.

కమిటీ దీనికి ఒప్పుకోకుండా, ఏదో ఒక గడువు ఉండాల్సిందే అంటే, ఇంకో దారి ఉంది. వారాలకి బదులు చోటుకి గడువు పెట్టండి. టాస్క్ ముందే ఇస్తారు, కానీ రోబో స్కూలు ల్యాబ్ దాటి ఇంటికి పోకూడదు, ల్యాబ్‌లో వారానికి ఇన్ని గంటలకి మించి పని చెయ్యకూడదు అని. ల్యాబ్ రిజిస్టరులో వచ్చిన గంట, వెళ్ళిన గంట పిల్లలే రాస్తారు. దీనివల్ల మీ హాలు ఖాళీ అవుతుంది, స్కూళ్ళ మధ్య తేడా కొంత తగ్గుతుంది. కానీ ఇంట్లో రెండో రోబో చేసుకునేవాళ్ళని ఇదీ ఆపలేదు. నిజాయితీగా రిజిస్టరు రాసినవాళ్ళు నష్టపోయారనిపిస్తే పిల్లల మనసు విరుగుతుంది. ఖర్చుకి పరిమితి పెట్టి, బిల్లులు జతచేసి, మోటర్లు ఇన్నే, కంట్రోలరు ఒక్కటే అని రాస్తే రెండో రోబో కొంత కష్టమవుతుంది. అయినా మొత్తం ఆగదు. ఏ రూలైనా రాసే ముందు, దీన్ని చూసేదెవరు, తప్పితే ఏం చేస్తాం అని కమిటీలో అడగండి. జవాబు రాని రూలు మంచిపిల్లలకి శిక్ష అవుతుంది.

అసలు గడువు పొడుగు కంటే ముందు, అది ఏ నెలల్లో పడుతుందో చూసుకోండి. డిసెంబరు మొదట్లో టాస్క్ ఇచ్చి సంక్రాంతి తర్వాత పోటీ అంటే, ఆ ఆరు వారాలూ పదో తరగతి ప్రీబోర్డుల నెత్తి మీద పడతాయి. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షలు ఫిబ్రవరి మధ్యలో మొదలవుతాయి. ఇప్పుడు మీ అమ్మాయి జాగారాలు కొన్ని నెలల మీద చెదిరి ఉన్నాయి. ఆరు వారాలు పెడితే అవన్నీ ఒకచోట పోగుపడి, చదవాల్సిన రోజుల్లోనే కూర్చుంటాయి. పోటీ అంటే ప్రాణం పెట్టే పిల్ల గడువు తగ్గిందని పని తగ్గించదు, రాత్రిళ్ళు పెంచుతుంది. మీరు కోరుకుంటున్నదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. జులైలో టాస్క్ ఇచ్చి, దసరా సెలవులు అయ్యాక నవంబరులో పోటీ పెట్టుకుంటే పదో తరగతి పిల్లలు డిసెంబరుకల్లా ఖాళీ అవుతారు. దసరాకి ఊళ్ళకి వెళ్ళే కుటుంబాలు కాస్త గొణుగుతాయి, సెలవుల్లో ల్యాబులు తెరవాలంటే స్కూళ్ళు ఒప్పుకోవాలి. ఈ ఏడాదికి అది సాధ్యమో కాదో మీకే తెలియాలి. కనీసం టాస్క్ ఇంక ఆలస్యం చెయ్యకుండా ఇప్పుడే ఇచ్చెయ్యమని అడగండి.

మీరు రాయని సంగతి ఒకటుంది, నేను అడక్క తప్పదు. మీరు రూలు రాసేవాళ్ళు, మీ అమ్మాయి ఆ రూలు కింద ఆడే కెప్టెను. ఈ సంగతి కమిటీలో అందరికీ తెలిసే ఉంటుంది, కానీ మీరు నోరు తెరిచి చెప్పారా? సమావేశం మొదట్లోనే చెప్పెయ్యండి. "మా అమ్మాయి ఆడుతోంది కాబట్టి ఈ గడువు మీద నేను ఓటు వెయ్యను, నాకు తెలిసింది చెప్తాను, తేల్చేది మీరు" అనండి. ఓటు వదులుకుంటే ఆ సారు తరఫున ఒక ఓటు తగ్గుతుందేమో అన్న బెంగ ఉంటుంది, నిజమే. కానీ ఓటు లేని మనిషి వేసిన లెక్కని ఎవరూ అనుమానించరు. పన్నెండు గంటలూ నూట ముప్పై రెండు గంటలూ పలక మీద రాస్తే అది ఓటు కంటే గట్టిగా పనిచేస్తుందని నా నమ్మకం. ఓటు వేస్తే ఎటు వేసినా మాట పడతారు. గడువు పెడితే కూతుర్ని కట్టెయ్యడానికి పెట్టిందంటారు, వద్దంటే కూతుర్ని గెలిపించడానికి వద్దందంటారు.

ఇప్పుడు ఇంటికి వద్దాం. అమ్మాయి అన్న మాట కటువుగా ఉంది కానీ దాంట్లో మిమ్మల్ని అవమానించే ఉద్దేశం నాకు కనపడలేదు. 'నాకు చెప్పాల్సింది నాకే చెప్పు' అంటోంది. అంత సూటిగా మాట్లాడగల కూతుర్ని పెంచారు, అందుకు సంతోషించండి. మీరు కమిటీ ద్వారా చెప్పబోయిన మాట ఇంట్లోనే, తల్లిగా చెప్పొచ్చు. దానికి ఏ పోటీ రూలూ అక్కర్లేదు.

ముందు ఒక వారం పాటు ఏమీ అనకుండా, రాత్రి పదింటి నుంచి ఒంటిగంట వరకు తను నిజంగా ఏం చేస్తోందో పక్కన కూర్చుని చూడండి. ఫిజిక్స్ టీచరు కాబట్టి మీకు అర్థమవుతుంది. నా అనుమానం, ఆ గంటల్లో కొత్త పని తక్కువ. వదులైన వైరు వల్ల సెన్సర్ అప్పుడప్పుడు పనిచెయ్యదు, తను మాత్రం ప్రోగ్రాంలో అంకెలు మార్చి మార్చి చూస్తూ ఉంటుంది. పొద్దున్నే నిద్ర తేరిన కళ్ళతో చూస్తే ఆ వైరు పది నిమిషాల్లో కనపడుతుంది. వేలు కాలింది కూడా నిద్రమత్తులోనే అయ్యుంటుంది. ఆ వయసు పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. తను అందులో సగమే నిద్రపోతోందేమో. 'నీ ఆరోగ్యం' అని మొదలుపెడితే పదిహేనేళ్ళ పిల్ల వినదు. 'రాత్రి చేసిన మార్పుల్లో పొద్దునకి ఎన్ని నిలబడ్డాయి' అని అడిగితే వింటుంది, ఎందుకంటే అది తన రోబో గురించిన ప్రశ్న.

ఆ తర్వాత మీకు రెండు మూడు దారులున్నాయి. పదిన్నరకి సోల్డరింగ్ ఐరన్, బ్యాటరీలు మీ గదిలోకి వచ్చెయ్యాలి అని ఖచ్చితంగా చెప్పెయ్యొచ్చు. అగ్గి, లిథియం బ్యాటరీలు ఉన్న పని కాబట్టి ఇందులో బేరం లేదని చెప్పే హక్కు తల్లికి ఉంది. నేనైతే ఇంతవరకు తప్పకుండా చేస్తాను. దీనివల్ల నాలుగు రోజులు ఇంట్లో మాటలు ఉండకపోవచ్చు, తను ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం రాస్తూ కూర్చోవచ్చు కూడా. లేదా వారానికి ఎన్ని గంటలో తననే రాసిమ్మని, దానికి కట్టుబడమనొచ్చు. ఇది మెల్లగా పనిచేస్తుంది, మధ్యలో తప్పుతుంది, కానీ తనే రాసుకున్నది కాబట్టి నిలబడే అవకాశం ఎక్కువ. పోటీ పూర్తిగా మాన్పించడం కూడా ఒక దారే. బోర్డు పరీక్షలు ఉన్నాయి కాబట్టి ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. కానీ కెప్టెన్ని ఇప్పుడు లాగేస్తే జట్టులో మిగతా నలుగురు ఏమవుతారో ఆలోచించాలి, ఆ గాయం మానడానికి చాలాకాలం పడుతుందని కూడా. నేను ఆ దారి సూచించను.

ఆ మిగతా నలుగురి గురించే ఇంకో మాట. మీ ఉత్తరంలో రోబో పని అంతా అమ్మాయే చేస్తున్నట్టు కనపడింది. వైరింగు తనే, ప్రోగ్రాం తనే, ఎస్పీ రోడ్డుకి నాన్నతో వెళ్ళేదీ తనే. మిగతావాళ్ళు ఏం చేస్తున్నారు? చేతనైన పిల్ల కెప్టెన్ అయితే తరచూ ఇలాగే అవుతుంది, ఇంకొకరికి చెప్పి చేయించేకన్నా తను చెయ్యడమే తేలికనిపిస్తుంది. ప్రోగ్రాం ఒకరికి, చెయ్యి ఒకరికి, బ్యాటరీలు, రికార్డు పుస్తకం ఇంకొకరికి అప్పగించమనండి. మొదటి రెండు వారాలు పని వెనకపడుతుంది, తనకి చిరాకేస్తుంది. కానీ నేను పైన చెప్పిన పోటీ రోజు పరీక్ష కమిటీ ఒప్పుకుంటే, ఒక్కరికే అన్నీ తెలిసిన జట్టు అక్కడ నిలబడలేదు. అది తనకి అర్థమైతే మీరు చెప్పక్కర్లేకుండానే పని పంచుతుంది.

భర్తగారు అన్నదీ తప్పు కాదు, నేర్చుకునే వయసే. ఆయన్ని కూడా ఆ వారం ఒకటి రెండు రాత్రులు హాల్లో కూర్చోమనండి. నానమ్మగారి మాటలో ఆడపిల్ల అన్న ముక్క వదిలేసి, జాగారం అన్న ముక్క మాత్రం తీసుకోండి.

అమ్మాయితో మాట్లాడేటప్పుడు, కమిటీలో ఓటు వెయ్యడం లేదని కూడా చెప్పండి. ఎందుకో చెప్పండి. ఆ ప్రభుత్వ హైస్కూలు లెక్క కూడా చూపించండి. తను ఆ పన్నెండు గంటల గురించి ఎప్పుడూ ఆలోచించి ఉండదు. శనివారం మధ్యాహ్నాలు మీ స్కూలు ల్యాబ్‌లోకి ఆ పిల్లల్ని రానిస్తే ఎలా ఉంటుందని తనే అడగొచ్చు. ప్రిన్సిపాల్ అనుమతి, పిల్లల రాకపోకలు, ఎవరి బాధ్యత అన్న ప్రశ్నలు వస్తాయి, తేలిగ్గా అయ్యే పని కాదు. పోటీ జట్టుకి మన ల్యాబ్ ఇవ్వడమేమిటని మీ స్కూల్లోనే కొందరు అంటారు. అయినా అడిగి చూడండి. నెలకి రెండు మధ్యాహ్నాలు మూడేసి గంటలు దొరికినా వాళ్ళకి ఇప్పుడున్న టైంకి ముప్పాతిక వంతు అదనంగా కలిసినట్టే.

సమావేశానికి ముందే ఆ సారుకి మీరే ఫోన్ చెయ్యండి. ల్యాబ్ ఏ ఏ శనివారాలు నిజంగా తెరుస్తారు, పరీక్షలకి, సెలవులకి పోగా ఎన్ని మిగులుతాయి, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఆయన లేని రోజున తెరిచేవాళ్ళున్నారా అని అడిగి రాసుకోండి. ఆయన చెప్పిన గంటలు మీ చేతిలో ఉంచుకునే కమిటీలో తేదీల మాట ఎత్తండి.